కాదనడం తెలియని భాష

ఆ భాషకు "పిలుపు" అని పేరు పెట్టింది వదిన. దాన్ని కంప్యూటరుకు అర్థమయ్యేలా చేసింది మరిది. భోజనాలయ్యాక గిన్నెలు తీసేసి, బల్ల తుడిచి, ఆ కాస్త జాగాలోనే ఇద్దరూ కూర్చుని మూడేళ్ళపాటు దాన్ని తయారుచేశారు. వదిన భర్త కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేసి అలసిపోయి వచ్చేవాడు. బల్ల చివర కూర్చుని వాళ్ళ మాటలు వింటూ వింటూ కునికిపాట్లు పడేవాడు.

వదిన ఒక శిక్షణ కేంద్రంలో సాయంత్రం క్లాసులు చెబుతుంది. అక్కడికి వచ్చేది కాలేజీ పిల్లలు కాదు. పగలంతా ఎక్కడో పనిచేసో, పని మానేసో, ఈ వయసులో ప్రోగ్రాములు రాయడం నేర్చుకుందామని వచ్చే పెద్దవాళ్ళు. కంపెనీల్లో వాడే భాషతోనే మొదలుపెడితే, ఆ చుక్కలూ బ్రాకెట్లూ చూసి సగం మంది మొదట్లోనే మానేసేవారు. మిగిలినవాళ్ళు ఎలా రాయాలో నేర్చుకునేవారు గాని, ఎందుకలా రాశారని అడిగితే నేలచూపులు చూసేవారు. పిలుపు పుట్టింది వాళ్ళ కోసం.

అందులో విషయం చిన్నది. ముందు ఒక అచ్చు రాసుకోవాలి. తలుపు అంటే ఏమిటి, దానికి ఏం తెలుసు, ఏం చేయగలదు అన్నది తలుపు అచ్చు. ఆ అచ్చులోంచి ఎన్ని తలుపులు కావాలంటే అన్ని తీసుకోవచ్చు. తీసిన ప్రతి తలుపూ దేనికదే. ఒకటి మూసుకున్నంత మాత్రాన పక్కది మూసుకోదు. ఇక ఏ పని కావాలన్నా ఆ వస్తువును పేరు పెట్టి పిలిచి చెప్పాలి. "తలుపు, మూసుకో." "లిఫ్టు, పైకి వెళ్ళు." వస్తువు లోపల చెయ్యిపెట్టి కెలకడం కుదరదు. పిలవాలి, చెప్పాలి, అది చేస్తుంది.

మరి చెప్పింది దానికి చేతకానిదైతే? వదినకూ మరిదికీ మొదటి తగువు అక్కడే వచ్చింది.

"కుర్చీని పట్టుకుని ఎవరో పాట పాడమన్నారనుకోండి వదినా. కుర్చీ ఏం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యదు. ఊరుకుంటుంది."

"ఊరుకుంటే ఎలా? నా వల్ల కాదు అనాలి. ప్రోగ్రాం అక్కడ ఆగాలి. చాలా భాషలు అలాగే చేస్తాయి."

"చేస్తాయి. ఆగి, ఎర్రక్షరాల్లో తిడతాయి. ఆ తిట్లు చూసే కదా నా వాళ్ళు పారిపోతోంది. నా భాషలో ఎవరూ ఎవర్నీ కాదనరు."

"అది భాషలా లేదు వదినా, మా అమ్మలా ఉంది."

"మధ్యలో నన్నెందుకు లాగుతావురా" అంది అత్తగారు వంటింట్లోంచి.

మరిది అన్నదాంట్లో నిజం లేకపోలేదు. అత్తగారిని ఏది అడిగినా "ఆ, అలాగే" అనేది. చేసినా అలాగే అనేది, చేయకపోయినా అలాగే అనేది. ఇంట్లో అందరికీ అదే అలవాటైంది. వదిన పుట్టింట్లో గ్లాసుడు మంచినీళ్ళ కోసం కూడా నలుగురు వాదించుకునేవారు. కాదు, కుదరదు, నేనెందుకు అనే మాటల మధ్య పెరిగిన మనిషికి ఈ ఇల్లు దేవుడిచ్చిన వరంలా కనబడింది. పొద్దున్నే దేవుడి ముందు నిలబడ్డప్పుడు కూడా, తన నోట ఒకరిని నొప్పించే మాట రానీయొద్దనే ఆమె ముందుగా అడిగేది. అంత ఇష్టమైన దాన్ని తాను చేసే భాషలో పెట్టుకోవాలనుకోవడం తప్పా?

"సరే, మీ ఇష్టం" అన్నాడు మరిది. "పెద్ద కోడలి మాట కాదనడానికి నాకేం రెండు తలలున్నాయా."

తనకు రాని పని చెబితే వస్తువు ఊరుకుంటుంది, ప్రోగ్రాం ముందుకు సాగుతుంది. అలాగే రాశాడు.

క్లాసు బ్రహ్మాండంగా సాగింది. ఒక్కరూ మానలేదు. అందులో సిటీ బస్సులో పనిచేసి రిటైరైన కండక్టరు ఉన్నాడు. ప్రోగ్రాం నడిచినప్పుడల్లా బల్ల మీద అరచేత్తో కొట్టి "రైట్, రైట్" అనేవాడు. నర్సు ఒకామె డ్యూటీ బట్టలతోనే వచ్చేది. టైలరమ్మ ఒకామె ఎప్పుడూ వెనక బల్లలో కూర్చునేది, మెడలో టేపు తీయడం మరిచిపోయి వచ్చేది. వాళ్ళందరూ కలిసి ఒక లిఫ్టు ప్రోగ్రాం రాస్తున్నారు. తెరమీద ఒక నిలువు గీత, దాని మీద పైకీ కిందికీ పోయే చిన్న పెట్టె.

ఒకరోజు ప్రిన్సిపాలు వచ్చి వెనక నిలబడి చూశాడు. అందరి పెట్టెలూ పైకి వెళ్ళాయి, కిందికి వచ్చాయి. ఎవరి తెరా ఆగలేదు, ఎవరి మొహమూ చిన్నబోలేదు.

"ఇది బాగుందమ్మా" అన్నాడాయన. "శుక్రవారం మన కేంద్రం కమిటీ సభ్యుణ్ణి తీసుకొస్తాను. ఆయన ముందు ఇలాగే నడిస్తే, వచ్చే టర్ము నుంచి కొత్తగా చేరేవాళ్ళందరికీ, పొద్దుటి బ్యాచిలకీ సాయంత్రం బ్యాచిలకీ, మీ పిలుపే పెడదాం."

"నడవకపోతేనండీ?"

"బయటినుంచి ఒకాయన వస్తానంటున్నాడు. అందరూ వాడే భాషే చెబుతాడు. అప్పుడు ఈ సాయంత్రం క్లాసు కూడా ఆయనకే ఇవ్వాల్సొస్తుంది. దాచడం ఎందుకు, ముందే చెబుతున్నాను."

అంటే ఆ శుక్రవారంతో పిలుపు ఉంటుందో పోతుందో తేలుతుంది.

గురువారం సాయంత్రం మరిది కూడా క్లాసుకు వచ్చాడు. రేపు పెద్దవాళ్ళు వస్తారు కదా, తెర కాస్త కళగా ఉండాలని, లిఫ్టు బొమ్మకు తలుపులు గీసి తెచ్చాడు. పక్కకు జరిగే రెండు రెక్కలు. ప్రోగ్రాములో తలుపు మూసుకుంటే బొమ్మలోనూ మూసుకుంటాయి, తెరుచుకుంటే తెరుచుకుంటాయి. అన్ని కంప్యూటర్లలోనూ దాన్ని పెట్టేసి, "ఇప్పుడు నడపండి" అన్నాడు.

కండక్టరు నడిపాడు. లిఫ్టు తలుపులు బార్లా తెరిచి ఉంచుకునే అయిదో అంతస్తు దాకా వెళ్ళింది.

"రైట్..." అని బల్ల మీద కొట్టబోయిన చెయ్యి గాల్లోనే ఆగింది. "సార్, మీ బొమ్మలో ఏదో తేడా ఉంది."

నర్సుదీ అంతే. "ఇట్లాంటి లిఫ్టులో పేషెంటుని ఎక్కిస్తే నా ఉద్యోగం ఊడుతుంది" అందామె. టైలరమ్మ లిఫ్టు తలుపులు తెరుచుకుని పైకి వెళ్ళి, అలాగే తెరుచుకుని కిందికి వచ్చింది. దాదాపు అందరివీ అంతే.

మరిది తన బొమ్మను మళ్ళీ చూసుకున్నాడు. బొమ్మ సరిగ్గానే ఉంది. వదిన వెళ్ళి కండక్టరు పక్కన కూర్చుని, ఆయన రాసింది చదివింది. "లిఫ్టు, తలుపు మూయి. లిఫ్టు, పైకి వెళ్ళు."

"కండక్టరుగారూ, తలుపు ఎవరు మూశారు?"

"లిఫ్టే మేడమ్. చెప్పాను కదా దానికి."

"మీరు రాసిన లిఫ్టు అచ్చులో తలుపు మూయడం అనే పని ఉందా? పైకి వెళ్ళడం, కిందికి వెళ్ళడం, ఆగడం. అంతే ఉన్నాయి."

ఆయన అచ్చు తెరిచి చూసుకున్నాడు. "లేదు."

"మరి మూయమని చెబితే అదేమంది?"

"ఏమీ అనలేదు మేడమ్. ఏమీ అనలేదంటే మూసినట్టే కదా."

వదిన లేచింది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చదువుకుంటూ పోయింది. ఒకరు తలుపు మూయమని మీటకు చెప్పారు. ఇంకొకరు బరువెంతో చూడమని గోడకు చెప్పారు. ఎవరికి ఏ పని చెప్పాలో, ఏ పని ఎవరిదో తెలియడమే ఈ చదువంతా. ఆ ఒక్కటి తప్ప మిగిలినవన్నీ వాళ్ళకు వచ్చాయి. గోడ కూడా వాళ్ళను కాదనలేదు మరి.

ఇద్దరూ బస్సులో ఇంటికి వచ్చారు. ఇంట్లో కాళ్ళు కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాక మరిదే మొదలుపెట్టాడు.

"నేను చెప్పానని అనను వదినా."

"అనేశావుగా."

"రేపటి సంగతి చూద్దాం ముందు. బొమ్మ మార్చేస్తాను. లిఫ్టు కదిలితే చాలు, తలుపులు మూసుకున్నట్టు చూపిస్తాను. టీ చల్లారేలోపు అయిపోయే పని. శుక్రవారం గడిచాక తీరిగ్గా అసలుది మారుద్దాం."

"అప్పుడు తలుపు మూసింది ఎవరు?"

"నేను."

"వాళ్ళు రాసిన ప్రతి ప్రోగ్రాం వెనకా నువ్వు తిరుగుతూ తలుపులు మూస్తావా?"

"ఒక్కరోజే కదా వదినా. పోనీ నేను వెళ్ళి కాళ్ళు పట్టుకుంటే ప్రిన్సిపాలు ఇంకో వారం గడువిస్తాడేమో."

"కమిటీ ఆయన రావడమే గగనమట. రేపు తప్పితే ఇక లేదు."

అంతలో పైన ట్యాంకు నిండి నీళ్ళు డాబా మీద నుంచి కారుతున్న చప్పుడు వినబడింది. కింది వాటావాళ్ళు ఎవరో "మోటారండీ" అని కేకేశారు. ఆ ఇంట్లో వారానికోసారైనా జరిగేదే అది. మోటారు ఆపమని వదిన ఇందాకే చెప్పింది. మూడు గొంతులు "ఆ" అన్నాయి.

"ఎవరికి చెప్పావు?" అన్నాడు భర్త, కళ్ళు తెరిచి.

"అందరికీ."

"అందుకే" అంటూ మరిది లేచి వెళ్ళి ఆపి వచ్చాడు.

అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ఏం జరిగిందో కోడలు చెప్పింది. ఆవిడ అంతా విని, "అయినా మొహం మీద కాదంటే మనసు నొచ్చుకోదుటమ్మా?" అంది.

"నొచ్చుకోకుండా చెప్పలేమా అత్తయ్యా?"

"ఏమని చెబుతారు?"

ఆ ప్రశ్న దగ్గర ముగ్గురూ చాలాసేపు కూర్చున్నారు. "తప్పు" అన్నది వదిన మొదటే కొట్టేసింది. "నాకు తెలియదు" అంటే మూర్ఖంగా ఉందన్నాడు మరిది. "అది నా పని కాదు" అన్నది అందరికీ నచ్చేలోపు అత్తగారు, "ఏదో కౌంటరులో గుమాస్తా కసిరినట్టుంది" అంది. చివరికి వదిన ఒక కాగితం మీద రాసింది: "ఆ పని నాకు రాదు. నాకు వచ్చిన పనులు ఇవి." దాని కింద ఆ వస్తువు ఏమేం చేయగలదో అవన్నీ. ఎర్రక్షరాలు వద్దు, మామూలు అక్షరాలే.

మరిది కాగితం చూసి, "ఇది బాగుంది" అన్నాడు. కాగితం ఆమె ముందుకు జరిపి, "బాగుంది గనుకే రేపు వద్దంటున్నాను. ఇది పెడితే రేపు ఒక్క లిఫ్టూ కదలదు. కమిటీ ఆయన ముందు గదిలో ఉన్న ప్రతి తెరా నాకు రాదు, నాకు రాదు అంటుంది. మూడేళ్ళు వదినా."

"తెలుసు."

"తెలిసే పెట్టమంటున్నారా?"

"తెలియకముందైతే వేరు. ఇప్పుడు అలాగే ఉంచితే, వచ్చే టర్ములో చేరే ప్రతివాళ్ళకీ గోడ బరువు చూస్తుందని నేనే నేర్పినట్టు."

మార్చాల్సింది ఒక్కచోటే. మరిది మార్చేశాడు.

మర్నాడు పొద్దున్న దేవుడి ముందు నిలబడితే వదినకు ఏమడగాలో తోచలేదు. తన భాషే నెగ్గాలని అడగడం న్యాయంగా అనిపించలేదు. బయటినుంచి వచ్చే ఆయన కూడా ఎక్కడో ఇలాగే చేతులు జోడించి నిలబడి ఉంటాడు కదా. ఇద్దరూ అడిగితే దేవుడు ఎవరికి "ఆ" అంటాడు, ఎవరికి కాదంటాడు? లేక ఊరుకుంటాడా? ఊరుకుంటే దాన్ని ఏమనుకోవాలి? దండం పెట్టుకుని వచ్చేసింది.

సాయంత్రం ప్రిన్సిపాలూ, కమిటీ సభ్యుడూ వచ్చి వెనక కుర్చీల్లో కూర్చున్నారు. భాషలో ఒకటి మార్చామని, వస్తువుకు రాని పని చెబితే ఇక నుంచి అది ఆగి ఆ సంగతి చెబుతుందని వదిన క్లాసుకు చెప్పింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నడపమంది.

కండక్టరు తెరమీద లిఫ్టు కింది అంతస్తులోనే తలుపులు తెరుచుకుని నిలబడింది. పక్కన అక్షరాలు వచ్చాయి. ఆయన వాటిని కూడబలుక్కుని పైకి చదివాడు. "ఆ పని నాకు రాదు..." ఒకసారి వెనక కూర్చున్న పెద్దమనుషుల వైపు చూసి గొంతు తగ్గించాడు. "నిన్నటిదాకా చెప్పినట్టు వినేది మేడమ్. ఏం మాయరోగం వచ్చింది దీనికి?"

"వినేది కాదండీ. విననట్టు మీకు తెలిసేది కాదు."

"ఇంతకంటే అదే నయం కదా. పరువన్నా దక్కేది."

గదిలో అన్ని తెరలూ ఆగిపోయాయి. కమిటీ సభ్యుడు వాచీ చూసుకున్నాడు. వదిన బోర్డు దగ్గరికి వెళ్ళలేదు, ఎవరి కీబోర్డూ ముట్టుకోలేదు. చెయ్యి వేసి సరిచేసేద్దామన్న ఆశ లేకపోలేదు. మరిది కిటికీ దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

నర్సు తన తెరమీద వచ్చింది చివరిదాకా చదివింది. "దీనికి వచ్చినవి మూడే. తలుపు పని అందులో లేదు. మనం రాసిన తలుపు అచ్చులో ఉంది ఆ పని."

"అయితే తలుపుకే చెబుదాం" అన్నాడు కండక్టరు.

"మనమెందుకు చెప్పాలి? లిఫ్టెక్కినవాళ్ళు తలుపుతో మాట్లాడతారా? నంబరు నొక్కి నిలబడతారు."

"బస్సులో నేను డ్రైవరుకి చెప్పేవాణ్ణి. డోరు సంగతి ఆయన చూసుకునేవాడు."

"అదే నేననేది. మనం లిఫ్టుకి చెబుదాం. లిఫ్టు తన తలుపుకి చెప్పుకుంటుంది."

వెనకనుంచి టైలరమ్మ, "తన తలుపు అంటే ఏ తలుపు?" అంది. "మనం అచ్చులోంచి తలుపు తీసి పక్కన పెట్టాం. అది తనదని లిఫ్టుకి ఎవరు చెప్పారు?"

అందరూ తాము రాసింది మళ్ళీ చూసుకున్నారు. నిజంగానే ఎవరూ చెప్పలేదు. కాసేపటికి గదంతా గోల మొదలైంది. లిఫ్టు అచ్చులోనే దానికి ఒక తలుపు ఉంటుందని రాయాలని కొందరు, లిఫ్టును తయారుచేసేటప్పుడు తలుపును దాని చేతికి ఇవ్వాలని కొందరు. కుర్చీలు జరుపుకుని ఒకరి తెర ఒకరు చూసుకున్నారు. గంట కొట్టేసరికి నర్సు లిఫ్టు ఒక్కటే కదిలింది. పైకి వెళ్ళి, అయిదో అంతస్తులో ఆగాక, అప్పుడు శ్రద్ధగా తలుపులు మూసుకుంది.

కమిటీ సభ్యుడు నవ్వాడు. ఎగతాళిగా కాదు గాని, నవ్వాడు. ప్రిన్సిపాలు వదినను వరండాలోకి పిలిచాడు.

"నేను మొన్న చూసినప్పుడు అందరివీ నడిచాయి. అందుకే కదమ్మా ఆయన్ను తీసుకొచ్చింది."

"అప్పుడూ నడవలేదండి. నడిచినట్టు కనబడింది."

"ఆ సంగతి మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"అవునండి."

ఆయన గది వైపు చూశాడు. "ఇన్నాళ్ళు చదివి తలుపు మూయలేకపోతున్నారే అంటాడాయన. నేనేం చెప్పను? వాళ్ళు వాదించుకుంటుంటే నాకు ముచ్చటగానే ఉంది. కానీ ముచ్చట చూసి అన్ని బ్యాచిలూ మీ చేతిలో పెట్టలేను. వచ్చే టర్ము బయటాయనకే ఇస్తున్నాం. ఈ బ్యాచి మాత్రం మీరే పూర్తిచేయండి." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఒక్కరోజు ఆగి మార్చాల్సిందమ్మా."

ఆయన అన్నది కూడా తప్పని చెప్పలేం.

మరిది వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఏమన్నారు?"

"కాదన్నారు."

"ఊరికే కాదనేసి ఊరుకున్నారా, మనకు ఏం మిగిలిందో కూడా చెప్పారా?"

"ఈ బ్యాచి మిగిలింది."

"నయమే. మనం రాసింది బాగా పనిచేస్తోంది" అన్నాడు గాని, గొంతులో నవ్వు లేదు. మూడేళ్ళు అతనివి కూడా. సంచీ తీసుకుని, బస్టాపులో ఉంటానని మెట్లు దిగి వెళ్ళాడు.

వదిన లోపలికి వెళ్ళింది. ఇంటికి పోవలసినవాళ్ళలో సగం మంది ఇంకా బల్లల దగ్గరే ఉన్నారు. వాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పింది. వచ్చే టర్ము నుంచి పిలుపు ఉండదని, పిలుపు నేర్చుకున్నామని చెప్పినా బయట ఎవరికీ తెలియదని, ఈ క్లాసు మాత్రం పూర్తిచేస్తామని. నర్సు తల ఊపింది. టైలరమ్మ, "అయితే ఇందాక మేము చేసిన గోల వల్లేనా?" అని అడిగింది. కాదని చెప్పింది వదిన.

కండక్టరు తన తెర వైపు తిరిగాడు. "మేడమ్, మా వాడి పెళ్ళప్పుడు కూడా ఇంత తల బద్దలుకొట్టుకోలేదు. ఇదొక్కటి చూడండి. ఇందాకటినుంచి తలుపు మూసుకోమంటే మూసుకుందనే అంటోంది. బొమ్మలో మాత్రం తెరిచే ఉంది."

వదిన వంగి చూసింది. ఆయన తలుపు అచ్చులోంచి రెండు తలుపులు తీశాడు. ఒకటి లిఫ్టుకు ఇచ్చాడు. మూసుకోమని రెండోదానికి చెబుతున్నాడు. అది చెప్పిన పని బుద్ధిగా చేసి, ఎవరికీ కనబడకుండా ఎక్కడో మూసుకుని ఉంది. ఒక్క పేరు మారిస్తే సరిపోతుంది. చెప్పడానికి నోరు తెరిచి, ఆగింది.

"మీ లిఫ్టుకి ఏ తలుపు తెలుసు?" అని అడిగింది.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టాడు. పక్క గదుల్లో ఒక్కొక్కటిగా లైట్లు ఆర్పుతున్నారు. వదిన ఒక కుర్చీ లాక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.